బంపరు మీద మనిషి

నైరోబీ నించి మొంబాసా వెళ్లే రోడ్డు మీది ఎమాలి బజార్లో ఎవర్ని అడిగినా కితోమే గురించి రెండు సంగతులు చెబుతారు. ఒకటి, ఆయన చేతులు మోకాళ్ల దాకా ఉంటాయని. అది కోతే, కానీ పొడుగు చేతులన్న మాట నిజం. రెండోది, ఆయన కూర్చున్న చోట రెండు టీల ఊసు ఎత్తకూడదని. తెలియక ఎత్తినవాళ్లని ఆయన తిట్టడు, కొట్టడు. తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని, లేచి వెళ్లిపోతాడు. లేచి వెళ్లిపోవడంలో కితోమేని మించినవాడు మా వైపు లేడు. చర్చిలో పాదిరీ ప్రసంగం మధ్యలో వెళ్లిపోయాడు. సొంత తమ్ముడి పెళ్లిలో, మేకమాంసం ఇంకా నిప్పుల మీద ఉండగానే, ఎవరో ఏదో అన్నారని వెళ్లిపోయాడు. మేకమాంసాన్ని వదిలి వెళ్లాడంటే మా కాంబా తెగవాళ్లలో అది మామూలు కోపం కింద లెక్క కాదు.

ఇలా వెళ్లిపోయి వెళ్లిపోయి చివరికి ఒక్కడే మిగిలాడు. కొండవాలులో ఓ రేకుల ఇల్లు, కొన్ని మేకలు, వాన పడితే పండే మొక్కజొన్న చేను. పిల్లలు పుట్టలేదు. భార్య సియోంబువా పోయాక ఆ ఇంట్లో ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్లు కూడా లేకుండా పోయారు. పొద్దున మేకల్ని తోలుకెళతాడు, సాయంత్రం తోలుకొస్తాడు. మధ్యలో ఒక్క ప్రశ్న నములుతూ ఉంటాడు. నలభై ఏళ్లు పైబడి నములుతున్నా అది మెత్తబడలేదు. నేను పడిపోయానని ఆరోజు సార్దుల్‌కి తెలుసా, తెలియదా?

సార్దుల్ సింగ్ విర్దీ మొంబాసా రోడ్డు పక్కన గ్యారేజీ నడిపిన సిక్కు. ముందు పొట్ట వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. వాళ్ల తాత రైలు పట్టాలు వేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వాళ్లు సిక్కులందర్నీ కాలాసింగా అంటారు. ఆయన్నీ అలాగే పిలిచేవారు, ఆయనా పలికేవాడు. మా భాషలో బూతులు మాకంటే శుద్ధంగా తిట్టేవాడు.

కితోమే ఆయన కంట పడింది ఒక వానాకాలంలో. లోయిటోకిటోక్ వెళ్లే దారి అంతా నల్లరేగడి. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చెప్పు పెడితే కాలొక్కటే తిరిగొస్తుంది. ఆ బురదలో ఓ బస్సు ఇరుసు దాకా దిగబడింది. మనుషులందరూ వెనకనించి తోస్తున్నారు, బస్సు ఇంకా దిగుతోంది. అప్పటికి కుర్రవాడైన కితోమే తోయడం మానేసి వెనక బంపరెక్కి, నిచ్చెన పట్టుకుని, బరువంతా కిందికి వేస్తూ ఎగిరి ఎగిరి తొక్కడం మొదలుపెట్టాడు. వెనక చక్రాలకి నేల అందింది. బస్సు ఒక్క ఊపున కదిలి, తోసినవాళ్లందరి ముఖాన బురద కొట్టి, కితోమేతో సహా వెళ్లిపోయింది.

దారి పక్కన వేరుశనక్కాయలు తింటూ చూస్తున్న సార్దుల్ తన లారీ తీసుకుని బస్సు వెంటపడ్డాడు. గట్టినేల మీద ఆగాక పట్టుకున్నాడు.

"నీ పేరేంట్రా?"

"నా పేరుతో నీకేం పని, కాలాసింగా?"

"పనుంది కాబట్టే అడుగుతున్నా. బండి వెనక నిలబడ్డం ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు. ముందు సీట్లో ఎవరూ కూచోనివ్వలేదు, అంతే."

సార్దుల్ నోట్లో వేరుశనగ గింజలు బయటికొచ్చేలా నవ్వాడు. మర్నాటినించీ కితోమే గ్యారేజీ మనిషయ్యాడు.

అప్పటికి సార్దుల్ ఒక బండి కడుతున్నాడు. కొనడం కొన్నాడు, కానీ కొన్నది పాత డాట్సన్ కారు. ఈస్టరుకి జరిగే సఫారీ కార్ల పందెం కోసం దాన్ని విప్పి, ఎముక ఎముకా మార్చి మళ్లీ కట్టాడు. ముందు భాగానికి నీళ్ల గొట్టాలు వంచి కంచెలా అతికించాడు, ఆవులు, జిరాఫీలు తగిలినా లోపలివాళ్లు బతకాలని. పొగ గొట్టాన్ని వాగుల్లో మునక్కుండా పైకప్పు దాకా లేపాడు. వెనక సీటు పీకేసి అక్కడ అదనపు పెట్రోలు ట్యాంకు, స్పేరు చక్రాలు పేర్చాడు. ఇవన్నీ పందెంలో పరిగెత్తే మిగతా బళ్లకీ ఉండేవే. కానీ వెనక వైపు చేసిన పనిలాంటిది మరే బండికీ లేదు. బంపరు మీద అడుగు వెడల్పున పలక వేశాడు. డిక్కీకి అటూ ఇటూ రెండు ఇనప పిడులు దించాడు. ఆ పిడుల ఎత్తు, వాటి మధ్య దూరం, వంపు, అన్నీ కితోమే చేతుల కొలత. ఇంకొకడు ఆ పలక మీద నిలబడితే పిడులు అందవు.

ఇనుము తడిస్తే అరచేతులు ఒరుసుకుపోతున్నాయని కితోమే వాటికి చెక్క తొడుగులు చెక్కాడు. చెక్కడం మా వాళ్లకి పుట్టుకతో వచ్చే పని. ఒక్కొక్క వేలికీ ఒక్కొక్క పల్లం తీశాడు. అది చూసి సార్దుల్ ఊరుకుంటాడా?

"పెళ్లాం చేయి కూడా ఇంత ముద్దుగా పట్టుకోవు కదరా!"

"పెళ్లాం బురదలో దూకమనదు కదా. పట్టుకోవాల్సిన అవసరం లేదు."

వాళ్ల పని తీరు ఇదీ. కితోమే ముందు సీట్లో పక్కన కూర్చుని దారి చెబుతాడు. బురద రాగానే తలుపు తీసి దూకి, వెనక్కి పరిగెత్తి, పలకెక్కి, పిడులు పట్టుకుని తొక్కుతాడు. చక్రం నేలని పట్టుకున్నాక సార్దుల్ ఇక ఆపకూడదు. ఆపితే మళ్లీ దిగబడుతుంది. గట్టినేల ఎక్కడొస్తే అక్కడ కితోమే పైకప్పు మీద రెండు దెబ్బలు కొడతాడు, వస్తున్నానని. అప్పుడు సార్దుల్ నడక వేగానికి తగ్గిస్తే కితోమే పక్కనించి పాకి కిటికీలోంచి లోపలికి దూరతాడు. దెబ్బలు పడకపోతే మనిషి ఇంకా వెనకే ఉన్నట్టు. చప్పుడు లేకపోవడమే వాళ్లిద్దరి మధ్య భరోసా. అరుపులు ఇంజను మోతలో ఎలాగూ వినపడవు.

కొన్నేళ్లు అలా పరిగెత్తారు. ఎప్పుడూ గెలవలేదు. కానీ చివరిదాకా వచ్చేవారు, సఫారీలో అది చిన్న సంగతేం కాదు. దారి పక్కన జనం డ్రైవరు పేరు అరవకుండా "బంపర్! బంపర్!" అని అరిచేవారు. పేపర్లో ఒకసారి ఫోటో వచ్చింది. అందులో కితోమే వీపు మాత్రమే ఉంది. సియోంబువా దాన్ని గోడకి అంటించి, వచ్చినవాళ్లకి "ఇదుగో మా ఆయన" అని వీపు చూపించేది.

ఆ చివరి ఈస్టరుకి మన దేశపు బళ్లలో వీళ్లదే ముందుంది. లోయిటోకిటోక్‌లో పెట్రోలు పోయించుకుంటుంటే కిలిమంజారో కనిపించనంత మబ్బు కమ్మింది. వాన ఒక వైపునించి నడుచుకుంటూ వస్తోంది.

"కాసేపు ఆగుదాం కాలాసింగా. ఇంకో రెండు బళ్లు ముందు వెళ్లి దారి తొక్కనీ," అన్నాడు కితోమే.

"ఇవాళ ఆగేది లేదు. దేవుడు దిగొచ్చి అడ్డంగా నిలబడినా ఆగను."

"నేను నిలబడితే?"

"నువ్వు వెనక నిలబడేవాడివి కదరా! అడ్డంగా ఎలా నిలబడతావు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత నలభై ఏళ్లపాటు ఆ మాటలే కితోమేకి ముల్లులా గుచ్చుకున్నాయి. ఏమైనా ఆగనని ముందే చెప్పాడు కదా.

బురద మొదలైన కాసేపటికే కితోమే పలక ఎక్కాడు. ఎంత దూరం పోయినా గట్టినేల రాలేదు. చక్రాలు ఎగజిమ్మే బురద ముఖానికి తాపీతో కొట్టినట్టు కొడుతోంది. కళ్లు తెరవలేకపోయాడు. ముఖం తుడుచుకోవాలనిపించింది. కుడిచేయి వదిలాడు, ఒక్క క్షణమే. సరిగ్గా అప్పుడే బండి ఏదో గట్టు మీద ఎగిరింది. ఎడమచేయి ఒక్కటే ఆయన్ని ఆపలేకపోయింది.

బురదలో వెల్లకిలా పడి, లేచి, "సింగా!" అని అరిచాడు. అంత వానలో వినపడదని తెలిసే అరిచాడు. ముందు బండి బ్రేకు దీపం ఒక్కసారి ఎర్రగా వెలిగింది. ఆగుతుందనుకున్నాడు. దీపం ఆరిపోయింది, బండి తుమ్మచెట్ల చాటుకి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

అదే ఆయన గుండెలో దిగింది. పక్క అద్దంలో చూశాడు, బ్రేకు మీద కాలు పెట్టాడు, ఒక్క క్షణం ఆలోచించాడు, పందెమే ముఖ్యమనుకుని వెళ్లిపోయాడు. కితోమే ఆరోజు బురదలో నిలబడి ఇలా తీర్పు చెప్పేశాడు. అక్కడ మలుపుందనీ, మలుపు దగ్గర ఎవడైనా బ్రేకు తొక్కుతాడనీ ఆయనకి తట్టకపోలేదు. తట్టినా పక్కకి నెట్టేశాడు. పడ్డవాడికి తప్పు ఎవరిదో ఒకరిది కావాలి కదా. ఊళ్లో అందరికీ "బండి విసిరేసింది" అని చెప్పాడు. కుడిచేయి వదిలిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, సియోంబువాకి కూడా.

ఆ దారి మీదే కూర్చుని ఉంటే సార్దుల్ తిరిగొచ్చినప్పుడు దొరికేవాడు. కూర్చుంటే అది కితోమే ఎలా అవుతుంది? ఎప్పటిలాగే వెళ్లిపోయాడు. దారి వదిలి, తుప్పల్లో పడి, అడ్డంగా మొంబాసా రోడ్డు వైపు నడిచాడు. ఒక మాసాయి తెగ ఇంటివాళ్లు పాలు పోసి, నిప్పు దగ్గర పడుకోనిచ్చారు. మర్నాడు రోడ్డెక్కి ఓ లారీ ఆపాడు. డ్రైవరుకి ఈయనెవరో తెలియదు.

"నిన్న మకిందులో పందెం బళ్లు ఆగే చోట భలే తమాషా చూశాన్లే," అన్నాడు డ్రైవరు. "పందెంలో ఒక కాలాసింగా బండొచ్చింది. లోపల ఒక్కడే. ముందు రెండు బళ్లుంటే వాటి వెనక ఆపి, దిగి, సరాసరి టీ కొట్టుకి పోయాడు. రెండు టీలు తీసుకున్నాడు."

"రెండా?"

"రెండే. చెరో చేతిలో ఒకటి. నేను పక్కనే ఉన్నా. నాకు లోడు దించాల్సి ఉండి బయల్దేరిపోయాననుకో. తర్వాత తెలిసింది, రెండో మనిషి లేడని పందెంలోంచి తీసేశారంట. ఆ తర్వాత వెతకడానికి పోయాడంట పాపం."

"ఆపు," అన్నాడు కితోమే.

"ఇంకా ఎమాలి రాలేదు కదా?"

"ఆపు." దిగి మిగతా దూరం నడిచాడు.

రెండు టీలు! నేను వానలో తడిసి ముద్దయి మాసాయి వాళ్ల గడప తొక్కుతుంటే, అతగాడు ఒకటి చాలక రెండు టీలు తాగాడు. ఆ తర్వాత పందెంలోంచి తీసేశారు కాబట్టి వెతికాడు. రూలు కోసం వెతికాడు, నా కోసం కాదు. ఇదీ కితోమే లెక్క. ఊరంతా చెప్పుకున్నాడు. ఊరికి కావాల్సింది అదే కాబట్టి ఊరు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. టీలతో పాటు మందాజీ బూరెలు కూడా తిన్నాడని ఎవరో కలిపారు.

సార్దుల్ ఇంటికొచ్చాడు. టీపొడి, పంచదార పట్టుకుని ఆ పొట్టతో కొండెక్కి వచ్చాడు. ఆయన తలపాగా కింద వాలులో కనపడగానే కితోమే వెనక వైపునించి మొక్కజొన్న చేలోకి జారుకున్నాడు.

"ఉన్నాడా?" అని సార్దుల్ అడిగాడు.

"లేడు," అంది సియోంబువా. ఆమెకి అబద్ధం చేతకాదు. అనేటప్పుడు చేను వైపు చూసింది.

సార్దుల్ కూడా చేను వైపు చూశాడు. చేనుతో చెబుతున్నట్టు గట్టిగా, "మళ్లీ వస్తానని చెప్పు చెల్లీ," అని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ చేనే జవాబిచ్చింది. ఆఖరిసారి వచ్చినప్పుడు వెళ్లబోతూ గుమ్మం ముందు కట్టేసిన మేకని చూస్తూ ఆగిపోయాడు. దాని మెడలో కితోమే తండ్రి ఇనపరేకు వంచి చేసిన గంట ఉంది. పగులిచ్చి, జలుబు చేసిన గొంతులా మోగేది.

"ఆ గంట నాకిస్తావా చెల్లీ?"

"మీ గ్యారేజీలో మేకలెక్కడివి అన్నా?"

"మేకలు లేవు. ఒక దున్నపోతుంది. ఎక్కడ తప్పిపోతోందో తెలియట్లేదు."

ఆమె నవ్వుతూ విప్పి ఇచ్చింది. ఆ మాట మొగుడికి చెప్పినప్పుడు నవ్వలేదు, ఎందుకంటే ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నన్నే దున్నపోతన్నాడా! మా నాన్న చేసిన గంట వాడికి ధారపోస్తావా!"

"నిన్నని నువ్వెందుకు అనుకున్నావయ్యా?" అంది సియోంబువా. తర్వాత పొయ్యి ఊదుతూ, తలెత్తకుండా, "ఒక్క మాట అడుగుతా. ఆ రెండో టీ ఎవరికో ఎప్పుడైనా అడిగావా?" అంది.

కితోమే టోపీ తీసుకుని తమ్ముడింటికి వెళ్లిపోయి, తమ్ముడి పెళ్లాం ముఖం మాడ్చేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత సార్దుల్ రాలేదు. కితోమే సిసాల్ తోటలో నార తీసే పనిలో చేరాడు. రోడ్డు పక్కన అమ్మడానికి చెక్క జిరాఫీలు చెక్కాడు. మనుషుల్ని ఎప్పుడూ చెక్కలేదు. బజారుకి వెళ్లాలన్నా గ్యారేజీ ముందునించి కాకుండా రైలు పట్టాల అవతలనించి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఒకే ఊరి బజార్లో ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఎదురుపడకుండా బతకొచ్చు. ఇద్దరిలో ఒకడికి పంతముంటే చాలు.

సార్దుల్ పోయిన సంగతి కూడా బజార్లోనే ఎవరో చెప్పుకుంటుంటే చెవిన పడింది. అప్పటికే నైరోబీ తీసుకెళ్లి దహనం చేసేశారట. కితోమే గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాడు. ఇంట్లో సియోంబువా పెట్టిన మొక్కజొన్న, చిక్కుడుగింజల గిన్నె ముట్టుకోలేదు.

"అడగాల్సినవాడు పోయాడు. ఇక ఎవర్ని అడుగుతావు?" అంది ఆమె, కోపంగా కాదు. కొన్నాళ్లకి ఆమె కూడా పోయింది. ఇక ఎవర్ని అడుగుతావని ఆయన్ని అడగడానికి కూడా ఎవరూ లేరు.

ఈ ఈస్టరుకి ముందు, ఒకరోజు మేకల్ని ఇంకా కొట్టంలో కట్టకముందే, కొండ కింద జీపు ఆగిన చప్పుడైంది. ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి పైకి వచ్చింది. పేరు న్యోకాబి అంది. నైరోబీ అట. పాత బళ్లని మళ్లీ పరిగెత్తించే పందెం ఒకటి ఈ మధ్య జరుగుతోంది కదా, దానికోసం ఒక డాట్సన్ కొన్నానంది.

"సార్దుల్ గారి చెల్లెలు అమ్మారు తాతా. దాని వెనక రెండు పిడులున్నాయి. అవేంటో మాకెవరికీ తెలియట్లేదు. బజార్లో అడిగితే మీ పేరు చెప్పారు. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

"నాకేం తెలియదు," అన్నాడు కితోమే.

"ఆవిడ ఒక మాట చెప్పారు. ఆ పందెం తర్వాత ఆయన మళ్లీ పందెంలోకి దిగలేదట. కానీ ఏటా ఈస్టరుకి బండి కడిగి, పెట్రోలు నింపి, గేటు దగ్గరికి తెచ్చి, స్టీరింగు ముందు కూచునేవారట. మధ్యాహ్నం దాకా అలా కూచుని మళ్లీ లోపల పెట్టేసేవారట. ఎవరి కోసమని అడిగితే, మనిషి రావాలి అనేవారట."

కితోమే మేకల్ని ఉన్నచోటే వదిలేశాడు. తర్వాత టోపీ తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి, వెళ్లిపోవడానికి కాకుండా రావడానికి తీసుకున్నాడు.

లోయిటోకిటోక్ దారి ఇప్పుడు తారు రోడ్డు. దాని పక్కన పాత మట్టి దారి ఇంకా ఉంది. ముందురోజు వానకి తడిసి నల్లగా మెరుస్తోంది. అక్కడ నిలబెట్టారు బండిని. రంగు కొత్తది, కంచె కొత్తగా మెరుస్తోంది. కితోమే ముందు భాగం చూడలేదు. అలవాటు కొద్దీ వెనక్కి నడిచాడు. పిడులు అలాగే ఉన్నాయి. చెక్క తొడుగులు నూనె తాగి నల్లబడ్డాయి. వేళ్ల పల్లాలు అరగలేదు. తన తర్వాత వాటిని పట్టుకున్నవాళ్లు లేరు మరి.

మెకానిక్ ఒచొలా, కిసుము వైపు మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "సామాన్లు కట్టుకోడానికేమో అనుకున్నాం పెద్దాయనా."

"సామానే. డెబ్బై కిలోల సామాను. నోరున్న సామాను."

"ఈ కాలం రూల్లో బండి బయట మనిషి నిలబడకూడదు తాతా," అంది న్యోకాబి ఇబ్బందిగా. "రేపు కోయించేద్దామనుకుంటున్నాం. అందుకే ముందు అడుగుదామని."

కితోమే పలక మీద ఒక కాలు పెట్టాడు. ఒచొలా పట్టుకోబోతే విదిలించుకుని రెండో కాలూ పెట్టాడు. రెండు చేతులూ పిడుల మీద వేశాడు. వేళ్లు తమ చోటికి తామే వెళ్లి కూర్చున్నాయి.

అప్పుడు తగిలింది. కుడి పిడి కింద ఏదో ఇనప మీట, సైకిలు బ్రేకులాంటిది. తను పెట్టింది కాదు. పిడి పట్టుకుంటే వేళ్ల కింద అదీ నొక్కుకుపోతోంది. ఎడమ వైపు తడిమి చూశాడు. ఎడమదానికి లేదు, కుడిదానికే ఉంది.

"అదేంటో కూడా అర్థం కాలేదు," అన్నాడు ఒచొలా. "డిక్కీ తెరిచే మీటనుకున్నా. తుప్పు వదిలించి నూనె వేశా. దేన్నీ తెరవట్లేదు."

కితోమే కుడిచేయి వదిలాడు.

బండి లోపల గంట మోగింది. పగులిచ్చిన గంట. జలుబు చేసిన గొంతు.

దాన్ని ఆయన ఎక్కడైనా గుర్తుపడతాడు. చిన్నప్పటినించీ విన్న గొంతది. తండ్రి మేకల వెనక, తర్వాత తన మేకల వెనక. ఒక దున్నపోతుంది, ఎక్కడ తప్పిపోతోందో తెలియట్లేదు. కితోమే పిడి పట్టుకుని మళ్లీ వదిలాడు. మళ్లీ మోగింది.

"డ్రైవరు చెవి పక్కనే ఉంది తాతా, గంట," అంది న్యోకాబి. "అదృష్టం కోసం కట్టుకున్నారేమో అనుకున్నాం."

చెయ్యి వదిలితే తెలియడానికి. అదీ కుడిచెయ్యి. ముఖం తుడుచుకోవాలంటే కితోమే కుడిచేయే వాడతాడని ఎవరికి తెలుసు? పక్క సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాడికి తెలుసు. ఎవరికీ చెప్పని సంగతి సార్దుల్‌కి తెలుసు. తెలిసి కూడా, నువ్వే వదిలావురా అని ఒక్కసారీ అనలేదు. తెలియనిది ఒక్కటే, ఎప్పుడు, ఏ చోట పడిపోయాడో. అది తెలియకే కదా ఈ గంట కట్టాడు. తెలిసి వదిలేసినవాడు గంట కట్టడు. నలభై ఏళ్లు నమిలిన ప్రశ్న ఒక్కసారిగా కరిగిపోయింది. కరిగిపోయాక నోట్లో చేదు మాత్రం మిగిలింది.

"అమ్మాయ్, కొంచెం దూరం నడుపుతావా? నెమ్మదిగా."

"తాతా, మీరు దిగండి, లోపల కూర్చోండి."

"ఇదే నా సీటు. ఒక మాట గుర్తుపెట్టుకో. నేనేమీ అనకపోతే ఉన్నట్టు. గంట మోగితే ఆపు."

న్యోకాబి ఒచొలా వైపు చూసింది. ఒచొలా భుజాలెగరేసి, పెద్దాయన పడితే పట్టుకోవడానికి పక్కన నడుస్తానన్నాడు. ఇంజను మొదలైంది. ఆ మోతకి కొంగలు లేచి ఎగిరిపోయాయి. బండి తడినేల మీద పాకుతూ కదిలింది. బురద మరీ ఎక్కువేం చిమ్మలేదు. ఒక చుక్క మాత్రం ముఖాన పడింది. కితోమే దాన్ని తుడుచుకోలేదు. రెండు చేతులూ బిగించి, తుమ్మచెట్ల దాకా, మలుపు దాకా అలాగే నిలబడ్డాడు. బండి లోపల చప్పుడు లేదు. ఆరోజు లోపలివాడికి భరోసాగా ఉండి ఉంటుంది, ఈ చప్పుడు లేకపోవడం. మకిందు దాకా అలాగే ఉండి ఉంటుంది.

మలుపులో బ్రేకు దీపం వెలిగింది. పలక మీద నిలబడ్డవాడి మోకాళ్ల కింద ఎర్రటి వెలుగు పడి, ఆరిపోయింది.

కితోమే కుడిచేయి వదిలాడు.

గంట మోగింది. బండి ఆగింది. వెంటనే, ఉన్నచోటే ఆగింది. బురదలో దిగబడుతుందని కూడా చూసుకోకుండా ఆగింది. డ్రైవరు తలుపు తెరుచుకుంది. ఆ తలుపు వైపే చూశాడు కితోమే. ముందు పొట్ట వస్తుందని, తర్వాత మనిషి వస్తాడని.

న్యోకాబి దిగింది. "ఏమైంది తాతా? పడ్డారా?"

"లేదమ్మా," అన్నాడు కితోమే. "పడలేదు. చూశాను, అంతే. పనిచేస్తోంది."

పిడులు కోసేటప్పుడు గంట మీరు తీసుకెళ్లండని న్యోకాబి అంది. వద్దన్నాడు. నేను ఇచ్చింది కాదమ్మా, మా ఆవిడ ఇచ్చింది, ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలన్నాడు. జీపులో దించుతామంటే దానికీ వద్దని నడిచే వెళ్లాడు. దారిలో మొదటిసారి సార్దుల్ గ్యారేజీ ముందునించి వెళ్లాడు. అక్కడిప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు.

ఇంటికొచ్చేసరికి మేకలు ఎవరి దారిన అవి చేలో మేస్తున్నాయి. తోలుకొచ్చి కట్టాడు. పొయ్యి అంటించాడు. గోడ మీద పేపరు ఫోటో పసుపు రంగు తిరిగి, తన వీపు తనే గుర్తుపట్టలేనట్టుంది. సియోంబువా కూర్చుని ఊదే చోట ఖాళీ పీట ఉంది.

"ఏమే," అన్నాడు పీటతో. "ఆ రెండో టీ నాకేనే. వానలో తడిసి వచ్చానని, బంపరు మీదే ఉన్నాననుకుని పట్టుకొచ్చాడే."

ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి కదా అని కాసేపు ఆగాడు. పొయ్యిలో కట్టె చిటపటమంది. కితోమే నీళ్లు పెట్టి, టీపొడి వేసి, రెండు గ్లాసులు తీసి కడిగాడు.